ముఠా అంతటికీ ఒకే నంబరు

మా సబీహక్క చెవికి ఫోను ఆనించుకుని కూర్చుంటే ఎదురుగా కలెక్టరున్నా సైగలతో మాట్లాడాల్సిందే. నరసరావుపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన ఆమె ఆఫీసు. ఆ కొట్టు పక్కన, కింద, నా జిరాక్స్ దుకాణం. పదిహేడేళ్ళుగా ఆమె సర్కారుకు పెట్టుకున్న ప్రతి అర్జీ నా మిషను నోట్లో పడే బయటికెళ్ళింది. ఆ లెక్కన ఆమె గురించి నాలుగు మాటలు రాసే హక్కు నాకుంది. ఆ సంగతే ఆమెతో అంటే, "రాసుకో మధూ, చదివేవాళ్ళు దొరికితే నాక్కూడా చెప్పు" అంది.

ఆ కుట్టుమిషన్ల కొట్టు వాళ్ళ నాన్నది. సబీహా బి.కాం. ప్రైవేటుగా కట్టి పాసై, ఒక ముసలి ప్లీడరు దగ్గర పన్నుల కాగితాలు టైపు చేసే పనికి కుదిరింది. ప్లీడరుగారికి చూపు మందగించాక చట్టం పుస్తకాలు ఈమే చదివి వినిపించేది. ఆయన పోయాక పార్టీలన్నీ ఈమె దగ్గరికే వచ్చాయి. వాళ్ళు అన్నాళ్ళూ చట్టం విన్నది ఈమె గొంతులోనే మరి. తను ఆడిటరు కాదు, ఆ మాట బోర్డు మీద రాసుకోదు కూడా. పన్నులు, పి.ఎఫ్. చూడబడును, అంతే. ఇప్పుడు యాభై ఒకటి. భర్త ఆదిల్ లారీ మెకానిక్కు. ఈమెతో వాదించలేక ఇంజన్లతో కబుర్లు చెప్పుకుంటాడని మా బజారులో ఒక హాస్యం.

ఆమెకు ఒళ్ళు మండించే మాట ఒకటే ఉంది, "లైను దొరకలేదండీ" అనేది. "దొరక్కపోవటానికి అదేమన్నా తప్పిపోయిన బర్రా? మళ్ళీ కొట్టు!" అని అరుస్తుంది. ఆ అరుపుకు నా మిషనులో కాగితం ఇరుక్కుపోయిన రోజులున్నాయి.

ఈ జనవరి రెండో వారంలో హనుమంతరావు గారు మెట్లెక్కి వచ్చారు. రాజుపాలెం దగ్గర ఆయనకు పత్తి మిల్లు ఉంది. పెద్ద మనిషి, పెద్ద షావుకారు మటుకు కాదు. లెక్కలకు గుమాస్తాను పెట్టుకునే స్తోమత లేక తనే రాసుకుంటారు. చేతిలో పి.ఎఫ్. ఆఫీసు పంపిన నోటీసు. మిల్లులో ఇరవై ఇద్దరు కూలీలు పని చేస్తుంటే ఒక్కడికే పి.ఎఫ్. కట్టారు, మిగతా ఇరవై ఒక్కమందికీ మూడేళ్ళుగా ఎగ్గొట్టారు, బకాయి, వడ్డీ, జరిమానా కలిపి ముప్ఫై ఒక్క లక్షలు చెల్లించాలి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా సరైన జవాబు రాకపోతే మిల్లు బ్యాంకు ఖాతా జప్తు. సారాంశం అది. పి.ఎఫ్. అంటే తెలియనిదేం కాదు, కూలిలోంచి కొంత కోసి, యజమాని తన వంతు కలిపి, ఆ కూలీ పేరున నెలనెలా సర్కారుకు జమ చేసే డబ్బు. ముసలితనానికి అదే ఆధారం.

"నేను ఎగ్గొట్టలేదమ్మా! ప్రతి నెలా పదిహేనో తారీఖులోపు కట్టా! నా పిల్లల మీద ఒట్టు!" అని ఆయన కుర్చీలో కూర్చోకుండానే చెప్పారు.

"ఒట్లు ఆ ఆఫీసులో చెల్లవు బాబాయ్, చలాన్లు చెల్లుతయ్. తీయండి" అంది అక్క.

ఒక గంట తర్వాత పైనుంచి కేక వినిపించింది. "మధూ! ఉన్నపళాన పైకి రా!" ఏ గుండెపోటో అనుకుని రెండేసి మెట్లు ఎక్కాను. అక్క నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ ముప్ఫై ఆరు చలాన్లు, కళ్ళలో వెలుగు.

"చూడు! నెలకి అరవై మూడు వేల మూడొందల అరవై. ఒక్క మనిషికి ఇంత ఎట్టా పడుద్ది? ఇది ఇరవై ఇద్దరిది! మొత్తం కట్టేశాడు ఈ మహానుభావుడు, అంతా ఒక్కడి నంబరు మీద కట్టాడు!"

అసలు జరిగింది ఇది. మన పత్తి మిల్లుల్లో బేళ్ళు, బస్తాలు ఎత్తే హమాలీలు ముఠాగా ఉంటారు. దొంగల ముఠా కాదు, కష్టం చేసుకునే ముఠా. వారం కూలి విడివిడిగా ఎవరికీ ఇవ్వరు. మొత్తం లెక్కగట్టి శనివారం సాయంత్రం మేస్త్రీ చేతిలో పెడతారు. వాళ్ళు మిల్లు గోడవార కూర్చుని పంచుకుంటారు. ఎవరికెంత అని యజమాని అడగడు, అడిగితే తప్పు పట్టుకుంటారు. ముఠాకి ఇచ్చామంటే అందరికీ ఇచ్చినట్టే. హనుమంతరావు తాతగారి నాటి నుంచి అదే పద్ధతి. పి.ఎఫ్. చట్టం మిల్లు గడప తొక్కినప్పుడు ఆయన ఆ పద్ధతినే దానికీ వర్తింపజేశారు. మేస్త్రీ ఐజాక్ పేరున ఒక నంబరు తీసుకుని, ముఠా పి.ఎఫ్. అంతా అందులో కడుతూ వచ్చారు. తనిఖీకి వచ్చినాయన మనుషుల్ని లెక్కపెట్టాడు, పేర్లు లెక్కపెట్టాడు, ఎదురుగా ఉన్న డబ్బు మటుకు లెక్కపెట్టలేదు.

"ఇంతేనా!" అని నేను ఊపిరి పీల్చుకున్నాను. "ఈ ముక్క వాళ్ళకి చెప్తే సరిపోయిద్ది గదక్కా?"

"సరిపోయిద్ది. ఒక మనిషి వింటే చాలు" అంది అక్క, ఫోను తీస్తూ.

ఆ ఒక్క మనిషి కోసం ఆరు వారాలు పట్టింది.

ఆ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో రాయను. రేపు మళ్ళీ అక్క అక్కడికే పోవాలి. నోటీసు కింద ఉన్న ఫోను నంబరుకు చేస్తే, ఈ నంబరు వాడుకలో లేదంది. సహాయకేంద్రానికి చేస్తే సన్నాయి పాట మొదలయ్యేది. మీ కాల్ మాకు ముఖ్యం అంటూ నలభై నిమిషాలు వినిపించి, సరిగ్గా ఎవరో గొంతు సవరించుకున్న శబ్దం రాగానే తెగిపోయేది. మెయిలు పెడితే రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, దీనికి జవాబు ఇవ్వవద్దని. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే పరిష్కరించబడినది అని పచ్చరంగులో వచ్చి మూసుకుపోయింది. ఏం పరిష్కరించారో అడగడానికి ఇంకో ఫిర్యాదు పెట్టింది. అదీ పరిష్కరించారు! రిజిస్టరు పోస్టులో నూట నలభై పేజీలు పంపితే, అందినట్టు సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చింది. సంతకం ఎవరిదో దేవుడికే తెలియాలి.

అక్క దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంది. ప్రతి ఫోనూ అందులో రాస్తుంది. తేదీ, టైము, ఎంతసేపు, ఎవరు పలికారు, ఏమన్నారు. ఎక్కువ గళ్ళలో ఒకటే మాట, ఎవరూ లేరు. అన్నం గిన్నె పొయ్యి మీద, ఫోను కిటికీ మీద స్పీకరులో, సన్నాయి పాట ఇల్లంతా. ఆదిల్ బావ ఆ పాట ఈలవేస్తూ షెడ్డులో లారీలు బాగుచేస్తున్నాడని విని నవ్వలేక చచ్చాను. నేనూ ఊరుకోలేదు, "వంద దాటితే బిర్యానీ పెట్టించాలక్కా" అన్నాను. నూరో ఫోను నాడు నిజంగానే తెప్పించి పెట్టింది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. హనుమంతరావుగారు కింద నా బెంచీ మీద కూర్చుని, గోడ వైపు చూస్తూ, "ఖాతా ఆగిపోతే పత్తి కొనలేను మధూ, రైతులు ఇంకో మిల్లుకు పోతారు, ఈ ముసలితనంలో మళ్ళీ లేవలేను" అంటున్నారు.

మూడుసార్లు స్వయంగా పోయింది. మొదటిసారి సారు ట్రైనింగులో ఉన్నారన్నారు. రెండోసారి సారు బదిలీ అయ్యారు, కొత్త సారు రాలేదు. మూడోసారి రంజాను నెల మొదలైంది. ఉపవాసంతో ఎండనబడి వెళ్ళిన మనిషిని గేటు దగ్గరే ఆపారు, ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకోవాలని. ఆ సమయం ఇచ్చే పేజీ అక్క ఫోనులో పది రోజులుగా తెరుచుకోవడం లేదు. ఆ మాట కాపలాదారుకు గట్టిగా చెప్పి, ముఖం కడుక్కుంటానని లోపలి కుళాయి దగ్గరికి పోయింది. కుళాయి పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది.

అక్కడి నుంచే నాకు ఫోను చేసింది. అరుస్తోంది! "మధూ! వాళ్ళే వస్తున్నారంట! నెలకోసారి జిల్లాలో ఒక ఊరికి వచ్చి కూర్చుంటారంట! ఇరవై ఏడో తారీఖు శుక్రవారం గురజాలలో! నిర్ణయం తీసుకునే ఆఫీసరే వస్తుందంట!"

నేను దుకాణంలో గెంతాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే గెంతాను. జప్తుకు ఒక్క రోజు ముందు!

కానీ ఆ కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. పి.ఎఫ్. ఖాతా ఉన్న సభ్యులకే టోకెను, ఉదయం పదకొండు వరకే ఇస్తారు. యజమానులకు మార్చిలో వేరే రోజు. కన్సల్టెంటు రావచ్చు, సభ్యుడి వెంట.

మిల్లు మొత్తానికి సభ్యుడు ఒక్కడే, ఐజాక్.

ఈ మాట వినగానే హనుమంతరావుగారి ముఖం పాలిపోయింది. కూలిలో ఏమీ కోయకుండా రెండు వంతులూ ఈయనే కట్టుకున్నారు కాబట్టి ఇంతవరకూ ఆ డబ్బు సంగతి ఐజాక్‌కి తెలియదు. నంబరు తీసుకున్నప్పుడు ఈయన తన ఫోనే రాయించారు కాబట్టి సందేశాలు కూడా ఈయనకే వస్తాయి.

"సబీహా, నీకు దణ్ణం పెడతానమ్మా, వాడికి చెప్పబాక. ఏదో సంతకం కోసమని తీసుకుపోదాం. ఇరవై రెండు లక్షల ఎనభై వేలు! బస్తాలు మోసుకునేవాడికి నీ పేరున ఇంత ఉందని చెప్తే ఊరుకుంటాడా? లాక్కుంటే నేను మళ్ళీ కట్టాలి. మిల్లు అమ్ముకోవాలి."

"ఆయన పేరున ఉన్న డబ్బు గురించి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోని, ఆయనకే తెలియకుండా మాట్లాడాలా? నా వల్ల కాదు బాబాయ్. మీకు ఇష్టం లేకపోతే ఫైలు ఎత్తుకుపోండి."

నిజం చెప్పొద్దూ, నేను హనుమంతరావు పక్షమే. "అక్కా, చూసీచూడనట్టు పోదాం" అని నసిగాను. అక్క నా వైపు ఎట్లా చూసిందంటే, నేను మెట్లు దిగి నా మిషను దగ్గరికి పోయి అక్కర్లేని కాగితాలు రెండు కాపీలు తీశాను. హనుమంతరావుగారు కాసేపు ఆ ఫైలు మీద చెయ్యి వేసుకుని కూర్చుని, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళారని తర్వాత అక్క చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరం రాజుపాలెం పోయాం. మిల్లు ఆవరణలో లారీకి బేళ్ళు ఎక్కిస్తున్నారు. ఐజాక్ ఆరడుగుల మనిషి, ముప్పాళ్ళ ఊరు, తలపాగా నిండా పత్తి పింజలు. ఆయన్ని పక్కకు పిలిచి, దాచకుండా, వంకర లేకుండా మొత్తం చెప్పింది అక్క. ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అంతా నా పేరునే ఉందా అమ్మా?"

"మీ పేరునే."

"నేను పోయి అడిగితే ఇస్తారా?"

అక్క ఒక్క క్షణం కూడా ఆగలేదు. "చానా మటుకు ఇస్తారు. ఈ రోజుకి కాగితాల ప్రకారం అది మీదే."

ఐజాక్ లారీ వంక చూశాడు. "సరేనమ్మా. ముఠాలో ఒక మాట అనుకోని చెప్తా" అని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున అక్క ఫోను చేస్తే ఐజాక్ ఫోను కట్టేసి ఉంది. పదింటికి హనుమంతరావు ఫోను. "ముఠా మొత్తం పనిలోకి రాలేదమ్మా. ఒక్కడు కూడా లేడు. ఐపోయింది, నేను చెప్తే విన్నావా?" సాయంత్రం దాకా అక్క ఫోను కొడుతూనే ఉంది. ఆరువారాల తర్వాత మొదటిసారి ఆమె పుస్తకంలో రాయడం మానేసింది. రోజా ఉపవాసం విడిచే వేళ నేను ఖర్జూరాలు తీసుకుని పైకి పోతే, ఒకటి చేతిలో పట్టుకుని, "నేను తప్పు చేశానంటావా మధూ?" అంది. పదిహేడేళ్ళలో ఆమె నన్ను ఆ ప్రశ్న అడగలేదు. "రేపు ఎన్నింటికి బస్సు?" అన్నాను.

శుక్రవారం ఏడు గంటల మాచర్ల బస్సు ఎక్కాం. అక్క ఒళ్ళో పుస్తకం, నా ఒళ్ళో పద్నాలుగు కట్టల జిరాక్సులు. పిడుగురాళ్ళలో బస్సు ఆగితే నాకు ఆకలి దంచుతోంది, ఉపవాసమున్న మనిషి పక్కన బజ్జీ తినటానికి మొహం చెల్లలేదు. "పోయి తిను, నీ కడుపు గోల భరించలేను" అని ఆమే తోసింది. గురజాలలో ఒక కల్యాణమండపంలో శిబిరం. మేం చేరేసరికి తొమ్మిదిన్నర. హనుమంతరావుగారు అప్పటికే గేటు దగ్గర స్తంభంలాగా నిలబడి ఉన్నారు. ఐజాక్ లేడు.

టోకెన్లిచ్చే బల్ల దగ్గరికి అక్క నాలుగుసార్లు పోయింది. సభ్యుడు ఏడీ అని నాలుగుసార్లూ అడిగారు. పది. పదింబావు. పదిన్నర. లోపల ఆఫీసరు కనిపిస్తూనే ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో, కళ్ళద్దాలు, ముందు కంప్యూటరు. ఆరువారాలు వెతికిన మనిషి ఇరవై అడుగుల దూరంలో ఉంది, పోయి మాట్లాడటానికి లేదు! అక్క పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. పది నలభై ఐదుకు బల్ల దగ్గర కుర్రగుమాస్తా మిగిలిన టోకెన్లు సర్దడం మొదలెట్టాడు. నాకు ఐజాక్ మీద పట్టలేనంత కోపం వచ్చింది. లోకంలో ఎవణ్ణీ నమ్మకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను.

పది యాభై రెండుకు మలుపులో ఒక మినీ లారీ హారను మోగింది.

ఏమని చెప్పను! లారీ వెనక తొట్టిలో నిలబడి, ఇస్త్రీ చొక్కాలతో, ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని ముఠా మొత్తం వస్తోంది! అందరి కన్నా ముందు ఐజాక్, తలపాగా లేకుండా, తల దువ్వుకుని. లారీ ఆగకముందే అక్క కేకేసింది. "దూకవయ్యా దూకు! ఎనిమిది నిమిషాలే ఉంది!" ఆయన దూకాడు. ఇద్దరూ పరుగు. యాభై ఒక్కేళ్ళ సబీహక్క, ఉపవాసంతో, చెంగు నడుముకు దోపి, గురజాల కల్యాణమండపంలో పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. టోకెను నంబరు అరవై ఒకటి.

"ఫోను ఎందుకు కట్టేశావయ్యా, ప్రాణాలు తీశావు గదా!" అని నేను విరుచుకుపడ్డాను.

"నిన్నంతా ముప్పాళ్ళలో చర్చి అరుగు మీద కూర్చున్నామండీ. ఒకరి మాట ఒకరికి వినపడాల గదా, అందరివీ కట్టేయమన్నా. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు పోగేసేసరికి పొద్దు పోయింది. పొద్దున లారీ టైరు పంక్చరు."

పన్నెండున్నరకు మమ్మల్ని పిలిచారు. ఆఫీసరు కంప్యూటరులో నంబరు కొట్టి, కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మాట కృష్ణ అవతలిది, తెలంగాణ యాస. "ఐజాక్ అంటే మీరేనా? నెలకు రెండు లక్షల అరవై నాలుగు వేల జీతం. మిల్లుల మేనేజరా?"

"కాదు మేడం. బస్తాలెత్తుతా."

"నా జీతం కన్న ఎక్కువుంది గదయ్యా!" కిటికీల దగ్గర మూగిన ముఠా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. సబీహక్క ఆ నవ్వు ఆగేలోపల మొదలుపెట్టింది. ముఠా అంటే ఏంది, శనివారం కూలి ఎట్టా పంచుకుంటారు, చలాన్లు ఎన్ని, ఇరవై ఇద్దరికి లెక్కేస్తే పైసతో సహా ఎట్టా సరిపోయిద్ది, అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. నేను ఒక్కో కట్టా అందిస్తున్నాను.

"సరే అమ్మా. మరి నోటీసు పోయి ఆరు వారాలాయె. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

అక్క పుస్తకం తెరిచి ముందుకు జరిపింది. ఆఫీసరు మొదటి పేజీ చదివింది, రెండోది చదివింది, మూడో పేజీ మధ్యలో ఆగింది. "ఎన్ని?"

"నూట ముప్పై ఏడండి."

ఆమె పుస్తకం నెమ్మదిగా మూసి రెండు చేతులతో తిరిగిచ్చింది. "మాఫ్ చేయమ్మా" అంది. సర్కారు ఆఫీసరు నోట ఆ మాట నేను విన్నాను, సాక్ష్యం చెప్పమంటే ఎక్కడైనా చెబుతాను! తర్వాత ఐజాక్ వైపు తిరిగింది. "ఇగ చూడు పెద్దాయనా. ఈ రోజు చట్టం లెక్కన ఇదంతా నీ పైసలే. నాయి కావు, ముఠావి అని నువ్వు రాసిస్తేనే నేను జప్తు ఆపి విచారణ పెడతా. ఒక్కసారి రాసిచ్చినంక మళ్ళ నాయి అంటే కుదరదు. ఎవరన్న బెదిరించి తీసుకొచ్చిన్రా?"

గుమ్మం దగ్గర హనుమంతరావు కళ్ళు మూసుకున్నారు.

"ఎవురూ బెదిరియ్యలా మేడం" అన్నాడు ఐజాక్. "నాకు ఒక సంగతి అర్థం కాలా. ఇరవై ఏళ్ళ నించి వారం వారం ముఠా కూలి మొత్తం నా చేతిలోనే పెడతన్నారు. ఏ శనివారమూ అది నాదని ఎవురూ అనలా, నేనూ అనుకోలా. ఇది మటుకు నాది ఎట్టయిద్ది? ఏడ పెట్టాలో చెప్పండి సంతకం."

నాకు తల ఎత్తి ఆయన్ని చూడాలంటే సిగ్గేసింది. హనుమంతరావుగారు లోపలికి వచ్చి, ఐజాక్ భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యలేక వెనక్కి తీసుకున్నారు. సంతకం ఐపోయింది. జప్తు ఆపమని ఆఫీసరు అక్కడికక్కడే మెయిలు పంపి, ఆ కాపీ అక్క చేతికిచ్చింది. కిటికీల దగ్గర ఈలలు! అక్క ముఖం చూడాలి ఆ క్షణాన, ఎండిన పెదాలు పగిలేంత నవ్వు!

"ఇప్పుడు పేర్లు చెప్పండి, ఇరవై రెండు" అంది ఆఫీసరు.

"ఇరవై మూడండి" అన్నాడు ఐజాక్.

"ఇరవై రెండే! రోజూ నేనే లెక్కపెడతా!" హనుమంతరావు కంగారుగా అడ్డం వచ్చారు.

"మిల్లులో ఇరవై రెండేనండి. వాటాలు ఇరవై మూడు." ఐజాక్ గుమ్మం వైపు తిరిగి పిలిచాడు. "హన్నమ్మా, రా ఇట్టా."

ఒక సన్నపాటి మనిషి, నలభై దాటినామె, లోపలికి వచ్చి గోడనానుకుని నిలబడింది. "ఈమె పెనిమిటి ఇన్నయ్య, మా ముఠానే. రెండేళ్ళ కింద ఇదే నెలలో లోడు ఎక్కిస్తా ఎక్కిస్తా గుండె ఆగి పోయాడు. ఆయన బదులు ఇంకొకడు పనిలోకి వచ్చాడు. ఆయన వాటా శనివారం శనివారం ఈమెకి ఇస్తన్నాం. దీంట్లో కూడా ఇయ్యాల గదా."

రెండేళ్ళుగా తన గోడవారే జరుగుతున్న ఈ సంగతి హనుమంతరావుకు తెలియదు. ఆఫీసరు కంప్యూటరు మీద నుంచి చేతులు తీసింది. "పెద్దాయనా, చనిపోయినంక జీతం వాటా రాసే రూలు నాకు లేదు."

ఐజాక్ ముఖం చిన్నబోయింది. నిన్నంతా అరుగు మీద అందరూ కలిసి ఒప్పుకున్న మాట మరి. "పోనీ నా దాంట్లో తీసి రాయండి" అన్నాడు.

"ఆగు. చనిపోయిననాటికి ముఠాలనే పనిచేస్తుండెనా? మీరు కట్టుడు మొదలుపెట్టి ఎన్ని నెలలాయె అప్పటికి?"

"పద్నాలుగు" అంది సబీహక్క, కాగితం చూడకుండానే. ఆ మాట అంటూనే ఆమెకు అర్థమైపోయింది. నాకింకా కాలేదు.

"పద్నాలుగు నెలల డబ్బు ఇన్నయ్యది, అది ఈమెకే వస్తది. ఇంకోటి. పనిల ఉండంగ పోతే ఒక్క నెల కట్టినా చాలు, భార్యకు పింఛను ఇయ్యాలె. బతికినన్ని రోజులు. ఆయన పోయిన దినం నుంచి బాకీతో సహా." ఆఫీసరు ఇరవై మూడో గడిలో ఇన్నయ్య పేరు కొట్టింది.

సబీహక్క ఏడ్చేసింది. దాచుకోలేదు, తుడుచుకోలేదు. "ఆరువారాలు ఆ చలాన్లు అటూ ఇటూ తిప్పాను మధూ, వాటాలు ఎన్ని అని ఒక్కసారన్నా అడగలా" అంటూ ఏడ్చింది. నేను కూడా కట్టలు సర్దుతున్నట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాను.

హన్నమ్మకు మటుకు ఏదో భయం పట్టుకున్నట్టుంది. ఐజాక్ దగ్గరికి వచ్చి, తల దించుకుని మెల్లగా అడిగింది. "అన్నా, ఇంక శనివారం డబ్బులు ఆపేస్తారా?"

"అదేందే! ఇది సర్కారోళ్ళు ఇచ్చేది. అది ఇన్నయ్య వాటా" అన్నాడు ఐజాక్. "రేపు శనివారమే గదా, ఎప్పట్లానే వచ్చి తీసుకుపో."